రిటైరయ్యాక మళ్లీ గిటార్ పట్టాలంటే

ప్రభుత్వ ఉద్యోగికి తెలంగాణలో 61, ఆంధ్రలో 62. ఆ ఏడు రాగానే అటక మీది గిటార్ గుర్తొస్తుంది. ఇంజనీరింగ్ హాస్టల్లో సీనియర్ దగ్గర నేర్చుకున్నవాళ్లున్నారు, చర్చి కాయర్‌లో వాయించినవాళ్లున్నారు, శ్రీరామనవమి పందిళ్లలో ఆర్కెస్ట్రాతో ఊళ్లు తిరిగి ఉద్యోగం రాగానే మూటగట్టి పైన పెట్టేసినవాళ్లున్నారు. ఇప్పుడు దాన్ని దించి, దుమ్ము దులిపి, సి కార్డ్ (కలిసి మోగే స్వరాల పట్టు) పట్టుకోగానే వేళ్ల చివర్లు భగ్గుమంటాయి. ఓ వారం ఓర్చుకుంటారు. ఆ తర్వాత "వయసైపోయిందండీ, వేళ్లు తిరగట్లేదు" అనేసి మళ్లీ పైకెక్కించేస్తారు.

చాలామంది విషయంలో తప్పు వేళ్లది కాదు, గిటార్‌ది. ఏళ్ల తరబడి అటక మీద వేడికీ తేమకీ మగ్గిన గిటార్‌ని ఇరవై ఏళ్ల కుర్రాడి చేతికిచ్చినా మూలుగుతాడు. అందుకే ఈ పనిలో వరస ముఖ్యం. ముందు గిటార్ మీ ఒంటికి లొంగాలి, సాధన సంగతి ఆ తర్వాత.

గిటార్‌ని పరీక్షించండి

వెలుతురు బాగా ఉన్న చోట కూర్చుని, తీగలు వచ్చి ఆగే బ్రిడ్జ్ చుట్టూ చూడండి. దాని వెనక అంచు కింద కాగితం ముక్క దూరుతోందంటే జిగురు ఊడుతోందని అర్థం. బ్రిడ్జ్ వెనక చెక్క కొద్దిగా ఉబ్బి ఉండడం మామూలే. ఎడమ నుంచి కుడికి స్కేలు పెడితే అది తెడ్డులా ఊగేంత ఉబ్బితే మాత్రం లోపల చెక్క బద్దలు వదులైనట్టే. లోపలికి టార్చ్ వేసి పొడి రాలుతోందేమో కూడా చూడండి. పురుగు పట్టిన గిటార్ మీద డబ్బు పెట్టొద్దు.

తర్వాత స్టీలు స్కేలు తీసుకుని 12వ ఫ్రెట్ (నెక్ మీద అడ్డంగా ఉండే లోహపు కడ్డీ) దగ్గర నిలబెట్టండి. ఫ్రెట్ పైభాగం నుంచి తీగ అడుగు వరకు ఎంత ఎత్తుందో కొలవండి. వాయించేవాళ్లు దీన్నే యాక్షన్ అంటారు. స్టీలు తీగల గిటార్‌లో లావు తీగకి రెండున్నర మిల్లీమీటర్లు, సన్న తీగకి రెండు దగ్గర ఉంటే హాయిగా ఉంటుంది. నైలాన్ తీగల క్లాసికల్ గిటార్‌కి నాలుగు, మూడు వరకు మామూలే. పాత స్టీలు గిటార్లలో మూడున్నర, నాలుగు కనిపించడం వింతేమీ కాదు. మీ వేళ్లని హింసించేది ఆ అదనపు మిల్లీమీటరే.

ఇంకో చిన్న పరీక్ష. ఒక తీగని రెండో ఫ్రెట్‌కీ మూడో ఫ్రెట్‌కీ మధ్య నొక్కి పట్టుకుని, మొదటి ఫ్రెట్ మీద తీగకీ ఫ్రెట్‌కీ మధ్య సందు చూడండి. వెంట్రుక మందం ఉండాలి. అంతకంటే స్పష్టంగా ఖాళీ కనిపిస్తే నెక్ పైచివర తీగలు ఆనే పట్టీ, అంటే నట్, దాని గాళ్లు లోతు చాలలేదన్నమాట. ఎఫ్ కార్డ్ అంటే జీవితాంతం భయపడ్డవాళ్లలో సగం భయం ఈ నట్ పెట్టిందేనని నా అనుమానం.

ఇవన్నీ రిపేరు చేసే పనివాడు సరిచేస్తాడు. షాపులో "సెటప్ చేయండి, యాక్షన్ తగ్గించండి, నట్ గాళ్లు చూడండి" అని మూడూ విడివిడిగా చెప్పండి. ఊరికే "బాగుచేయండి" అంటే తీగలు మార్చి ఇచ్చేస్తారు. నెక్ లోపల దాని వంపు సరిచేసే కడ్డీ, ట్రస్ రాడ్, ఉంటే దాన్ని ఇంట్లో మీరే తిప్పొద్దు. పాత చవక గిటార్లలో అసలు అది ఉండకపోవచ్చు కూడా. నెక్ మెలి తిరిగినా, బ్రిడ్జ్ పూర్తిగా లేచినా ఆ గిటార్‌ని జ్ఞాపకంగా గోడకి తగిలించి కొత్తది కొనుక్కోండి.

కొత్తది కొనేటప్పుడు పేరు కంటే సైజు చూడండి. మన షాపుల్లో ఎక్కువగా కనిపించేది డ్రెడ్‌నాట్ అనే పెద్ద పొట్ట గిటార్. యమహా ఎఫ్310 ఆ రకమే. మంచి గిటారే, కానీ పెద్ద పొట్ట గిటార్‌కి మనిషి పొట్ట కూడా తోడైతే వాయిద్యం ముందుకి జరుగుతుంది, చెయ్యి దాని చుట్టూ తిప్పలేక భుజం లాగుతుంది. నడుము సన్నగా, డబ్బా చిన్నగా ఉన్నవి అడగండి. నైలాన్ తీగలు వేళ్లకి మెత్తన, అయితే నెక్ వెడల్పు. క్లాసికల్ గిటార్‌కి నట్ దగ్గర 52 మిల్లీమీటర్ల దాకా ఉంటుంది, స్టీలు గిటార్‌కి 43 దగ్గర. చిన్న చేతులున్నవాళ్లు షాపులో రెండూ పట్టుకుని చూశాకే తేల్చుకోండి.

ఒక మాట. వేళ్లకి అన్నిటికంటే సులువైనది ఎలక్ట్రిక్ గిటార్. తీగలు సన్నం, యాక్షన్ తక్కువ, నెక్ పల్చన. "ఈ వయసులో రాక్ ఏంటి" అని ఇంట్లో నవ్వితే నవ్వనివ్వండి. హెడ్‌ఫోన్స్ పెట్టుకుంటే మధ్యాహ్నం నిద్రపోయేవాళ్లకి వినపడదు.

తీగలు మార్చండి, బిగువు తగ్గించండి

తుప్పు పట్టిన తీగలతో ఒక్క రోజు కూడా వాయించొద్దు. అవి చర్మాన్ని గీరేస్తాయి, శ్రుతి కూడా నిలవదు. షాపులో మామూలుగా ఇచ్చేది 12 సెట్, అంటే సన్న తీగ మందం అంగుళంలో వెయ్యో వంతుల లెక్కన 12. మీరు 10 సెట్ అడగండి. 12 సెట్ మామూలు శ్రుతిలో ఉన్నప్పుడు ఆరు తీగలూ కలిసి 70 కిలోల పైన లాగుతాయి. 10 సెట్ 60 దగ్గర ఆగుతుంది. శబ్దం కాస్త పల్చబడుతుంది. మొదటి ఆరు నెలలూ అది మీకు పట్టదు.

నైలాన్ గిటార్‌కి స్టీలు తీగలు ఎప్పుడూ కట్టొద్దు. అది సుమారు 40 కిలోల లాగుడికి చేసిన చెక్క. బ్రిడ్జ్ ఊడి చేతికొస్తుంది. ఏ రకమో తెలియకపోతే నెక్ చివర తీగలు బిగించే తల దగ్గర చూడండి. క్లాసికల్ గిటార్‌కి తలలో రెండు పొడవాటి కంతలు, వాటిలో అడ్డంగా తీగ చుట్టుకునే లావుపాటి రోలర్లు ఉంటాయి.

తీగలు ఒక్కొక్కటిగా మార్చండి. బిగించేటప్పుడు కళ్లజోడు తీయొద్దు, పాత తీగ తెగితే నేరుగా ముఖం మీదకే వస్తుంది. చివర్లు కట్ చేసిన ముక్కలు నేల మీద వదిలితే మనవలు తొక్కుతారు.

అసలు కిటుకు ఇప్పుడు చెబుతా. గిటార్‌ని మామూలు ఇ, ఏ, డి, జి, బి, ఇ కి కాకుండా ఒక స్వరం కిందకి, అంటే డి, జి, సి, ఎఫ్, ఏ, డి కి శ్రుతి చేయండి. తీగల బిగువు ఐదో వంతు తగ్గిపోతుంది. తర్వాత రెండో ఫ్రెట్ మీద కాపో, అంటే తీగలన్నిటినీ ఒకేసారి నొక్కిపట్టే క్లిప్పు, బిగించండి. శ్రుతి మళ్లీ మామూలుకే వస్తుంది, పాత పుస్తకాల్లోని కార్డ్స్ అన్నీ అలాగే పనిచేస్తాయి. పైగా వేళ్లు చాచాల్సిన దూరం కూడా తగ్గుతుంది. మామూలు గిటార్‌లో మొదటి ఫ్రెట్ గడి వెడల్పు 36 మిల్లీమీటర్లు, కాపో తర్వాత వచ్చేది 32. వినడానికి నాలుగు మిల్లీమీటర్లే, చూపుడువేలూ ఉంగరంవేలూ విడదీసి పట్టుకున్నప్పుడు తెలుస్తుంది తేడా. చేతులు అలవాటు పడ్డాక మూడో నెలలోనో నాలుగో నెలలోనో కాపో తీసేసి, తీగలు బిగించుకోవచ్చు. తీయకపోయినా ఎవరూ అడగరు.

ట్యూనింగ్‌కి గిటార్ తలకి తగిలించే క్లిప్ ట్యూనర్ కొనుక్కోండి. ఫోన్‌లో యాప్ కూడా పనిచేస్తుంది గానీ అది గదిలో ఫ్యానూ టీవీ కూడా వింటుంది. క్లిప్ ట్యూనర్ చెక్క అదురుని బట్టి చెబుతుంది, వినికిడి కాస్త తగ్గినవాళ్లకి అదే నమ్మకం. హియరింగ్ ఎయిడ్ వాడేవాళ్లకి తీగ మోత గరగరలాడినట్టో ఊగినట్టో వినిపిస్తే గిటార్‌ని అనుమానించొద్దు. కీచుమనే శబ్దాన్ని ఆపడానికి ఆ మిషన్‌లో పెట్టిన ఏర్పాటు గిటార్ స్వరాన్ని కూడా కీచుగానే అనుకుంటుంది. సంగీతానికి వేరే ప్రోగ్రాం పెట్టమని ఆడియాలజిస్టుని అడగండి.

కుర్చీ, కళ్లజోడు

సోఫా వద్దు, మంచం అసలే వద్దు. చేతుల్లేని డైనింగ్ కుర్చీ చాలు. ముందంచుకి జరిగి కూర్చోండి. గిటార్‌ని కుడి తొడ మీద కాకుండా ఎడమ తొడ మీద పెట్టి, ఎడమ కాలి కింద నాలుగైదు అంగుళాల ఎత్తు పీట వేసుకుంటే నెక్ పైకి లేస్తుంది, మణికట్టు వంగక్కర్లేదు. మోకాలు నొప్పులున్నవాళ్లు పీట బదులు తొడ మీద గట్టి దిండు పెట్టుకోండి. అద్దం ఎదురుగా కూర్చుని ఒకసారి చూసుకోండి. గిటార్ ముఖం పైకప్పు వైపు తిరిగి, మీరు దాని మీదకి వంగి వేళ్లు చూసుకుంటున్నారంటే నెల తిరిగేలోపు మెడ పట్టేస్తుంది.

ఎవరూ చెప్పనిది కళ్లజోడు గురించి. చదివే అద్దాలు అడుగున్నర దూరం లోపు చూడ్డానికి ఇస్తారు. స్టాండు మీది కాగితం రెండు అడుగుల పైన ఉంటుంది. ప్రోగ్రెసివ్ అద్దాలవాళ్లు గడ్డం పైకెత్తి కాగితాన్నీ, తల దించి ఫ్రెట్లనీ చూస్తూ సగం అలసట అక్కడే తెచ్చుకుంటారు. కంప్యూటర్ దూరానికి ఒక సాదా జత చేయించుకోవడం ఉత్తమం. అది కుదరకపోతే పాటలూ కార్డ్స్ పెద్ద అక్షరాలతో, ఒక పేజీకి ఒకే పాట చొప్పున ప్రింటు తీసుకోండి.

నొప్పి ఎక్కడ వస్తోంది?

వేలి చివర చర్మం మండితే భయపడక్కర్లేదు. రోజూ కొద్దికొద్దిగా వాయిస్తే మూడు నాలుగు వారాల్లో కాయ కడుతుంది. స్నానం చేశాక, గిన్నెలు కడిగాక చర్మం నానిపోయి ఉంటుంది కాబట్టి ఓ అరగంట ఆగి వాయించండి. లేచిన పొరని గిల్లొద్దు.

కీళ్లలో, మణికట్టులో, మోచేతి కింద నొప్పి వస్తే ఆ రోజుకి ఆపేయండి. ఓర్చుకుంటే అలవాటవుతుందన్న మాట ఇక్కడ చెల్లదు. తిమ్మిర్లు వచ్చినా, పొద్దున లేవగానే వేలు మడతపడి టక్కుమని తెరుచుకుంటున్నా డాక్టర్‌కి చూపించండి. ఆ పట్టేసే వేలు షుగర్ ఉన్నవాళ్లకి ఎక్కువగా వస్తుంది. భుజం బిగుసుకుపోవడం కూడా అంతే.

షుగర్ వాళ్లకి ఇంకో రెండు మాటలు. ఇంట్లో గ్లూకోమీటర్ వాడుతుంటే తీగలు నొక్కే ఎడమ చేతి వేళ్లని వదిలేసి, కుడి చేతి వేలి పక్కన గుచ్చుకోండి. వేళ్ల చివర స్పర్శ తగ్గినవాళ్లకి చర్మం చిట్లినా తెలియదు, అందుకని వాయించడం అయ్యాక ఒకసారి కళ్లతో చూసుకోండి.

మొదటి నెల

పొద్దున పది నిమిషాలు, సాయంత్రం పది నిమిషాలు. అంతే. ఆదివారం రెండు గంటలు కూర్చుని మిగతా వారం ముట్టుకోకపోవడం కంటే ఇది వంద రెట్లు నయం. లేవగానే వేళ్లు బిగుసుకుని ఉండేవాళ్లు టిఫిన్ అయ్యాకే మొదలుపెట్టండి. గిటార్‌ని మళ్లీ సంచీలో కట్టేయకుండా స్టాండు మీద, కళ్లెదురుగా ఉంచండి. ఎండ పడే కిటికీ పక్కనా, ఏసీ గాలి సూటిగా తగిలే చోటా మాత్రం వద్దు. విశాఖ, కాకినాడ లాంటి సముద్రం గాలి ఊళ్లలో వాయించాక తీగల్ని పొడి గుడ్డతో తుడవాలి, లేకపోతే తుప్పు తొందరగా పడుతుంది.

మొదటి వారం కార్డ్స్ జోలికి పోవద్దు. ఒకే ఒక్క పని చేయండి: తక్కువ బలంతో నొక్కడం. మూడో తీగ (అన్నిటికంటే సన్నది ఒకటోది) మీద ఐదో ఫ్రెట్ దగ్గర వేలు ఊరికే ఆనించి మీటండి, టప్‌మని మూగగా మోగుతుంది. కొంచెం నొక్కి మీటండి, జుయ్‌మంటుంది. ఇంకొంచెం. స్వరం శుభ్రంగా పలికిన చోట ఆగండి. మీకు కావాల్సిన బలం అంతే. పాత అలవాటు కొద్దీ దానికి రెండింతలు నొక్కుతుంటారు. వేలు ఫ్రెట్ కడ్డీకి ఆనుకునేంత దగ్గరగా, దాని వెనకే ఉంటే ఇంకా తక్కువ చాలు. కుర్ర మాస్టారు ఎవరైనా "అంకుల్, ఇంకా గట్టిగా నొక్కండి" అంటే ముందు వేలు ఎక్కడుందో చూసుకోండి, తర్వాత యాక్షన్ కొలవండి.

రెండో వారం మోహనం వాయించండి. ఇది నాకు చాలా ఇష్టమైన పాఠం. గిటార్ ఆరు ఖాళీ తీగలూ, ఇ, ఏ, డి, జి, బి, ఇ, ఐదు శ్రుతిలో అంటే జి షడ్జమంగా చూస్తే అన్నీ మోహనం స్వరాలే. ఆరో తీగ మూడో ఫ్రెట్ స. ఐదో తీగ ఖాళీగా మీటితే రి, దాని రెండో ఫ్రెట్ గ. నాలుగో తీగ ఖాళీ ప, రెండో ఫ్రెట్ ద. మూడో తీగ ఖాళీ పై స. అక్కడి నుంచి మూడో తీగ రెండో ఫ్రెట్ రి, రెండో తీగ ఖాళీ గ, దాని మూడో ఫ్రెట్ ప, ఒకటో తీగ ఖాళీ ద, మూడో ఫ్రెట్ స. రెండు స్థాయిలు, రెండే వేళ్లు. చిన్నప్పుడు సంగీతం క్లాసులో గీతాలు నేర్చుకున్నవాళ్లు నోటితో పాడుతూ ఇక్కడే వాయించేయొచ్చు. కాపో రెండో ఫ్రెట్ మీద ఉంటే అక్కడి నుంచి లెక్కపెట్టుకోండి.

మూడో వారం నుంచి కార్డ్స్. ఇ మైనర్‌తో మొదలుపెట్టండి, రెండు వేళ్ల పని. తర్వాత జి, డి. జి కి మొదట్లో ఆరో తీగ వదిలేసి, ఒకటో తీగ మూడో ఫ్రెట్ ఒక్కటే పట్టుకుని సన్న తీగలు నాలుగే మీటినా జి యే. ఒక నిమిషం టైమర్ పెట్టుకుని ఇ మైనర్ నుంచి జి కి, మళ్లీ వెనక్కి ఎన్నిసార్లు మారారో లెక్కపెట్టండి. నిన్నటి కంటే ఒకటి తగ్గినా టెన్షన్ పడొద్దు. కుడి చేయి ఆగకుండా ఊగడం దీనికంటే ముఖ్యం. కార్డ్ దొరక్కపోతే దొరకనివ్వండి, తాళం మాత్రం తప్పనివ్వొద్దు.

పాట మీ శ్రుతిలో

నలభై ఏళ్ల కిందట మీరు ఏ శ్రుతిలో పాడారో ఇప్పుడు ఆ శ్రుతి అందకపోవచ్చు. రికార్డులోని పాటతో పోటీ పడి గొంతు చించుకునే బదులు, మీ గొంతు ఎక్కడ హాయిగా నిలుస్తుందో చూసుకుని కాపో జరపండి. మన లెక్కలో ఒకటి సి, ఒకటిన్నర సి షార్ప్, రెండు డి, నాలుగు ఎఫ్, ఐదు జి. ఒకటిన్నరలో పాడేవాళ్లు మొదటి ఫ్రెట్‌లో కాపో పెట్టి సి కార్డ్స్ వాయించొచ్చు. రెండున్నర అయితే డి కార్డ్స్. ఐదున్నర ఉన్న ఆడవాళ్లకి అదే కాపోతో జి కార్డ్స్ సరిపోతాయి. తీగలు దించి శ్రుతి చేసినవాళ్లు రెండో ఫ్రెట్‌ని సున్నా అనుకుని అక్కడి నుంచి లెక్కపెట్టాలి, అంటే మొదటి ఫ్రెట్ అన్న చోట మూడోది.

మొదటి పాటగా మూడు కార్డ్స్‌తో అయిపోయేది, నెమ్మదిగా నడిచేది తీసుకోండి. శంకరాభరణం స్వరాలంటే మేజర్ స్కేలే. ఆ నడకలో ఉన్న పాటలు చాలావరకు జి, సి, డి తో లాగించేయొచ్చు. నఠభైరవి నడక అయితే మైనర్ కార్డ్స్.

ఎఫ్ కార్డ్ కోసం పట్టుదలకి పోవద్దు. ఆరు తీగల మీద చూపుడువేలు అడ్డంగా పరిచే బ్యారే పట్టు ఈ వయసులో మణికట్టుకి చేసే మేలేమీ లేదు. దాని బదులు నాలుగు తీగల మీద ఎఫ్ మేజర్ సెవెన్ పట్టుకోండి: నాలుగో తీగ మూడో ఫ్రెట్, మూడో తీగ రెండో ఫ్రెట్, రెండో తీగ మొదటి ఫ్రెట్, ఒకటో తీగ ఖాళీ. సినిమా పాటల్లో నూటికి తొంభై చోట్ల ఎవరికీ తేడా తెలియదు.

మాస్టారు కావాలా?

మొదటి రెండు నెలలకి వారానికి ఒకసారి ఎవరైనా చూసి చెప్పడం మంచిది. బొటనవేలు నెక్ పైనుంచి వేలాడటం, వేళ్లు వాలిపోవడం లాంటి పాత అలవాట్లు మనకి మనం కనిపించవు. లండన్ ట్రినిటీ కాలేజీ గ్రేడ్ పరీక్షలకి పెద్దవాళ్లు కూడా కూర్చోవచ్చు, కానీ పరీక్ష ఉంటేనే చదివే రకమైతే తప్ప అటు వెళ్లమని చెప్పను. సంగీతం స్కూల్లో చేరేముందు ఫీజు కంటే ముందు ఒక ప్రశ్న అడగండి: "నాకు కావాల్సిన పాటలు నేర్పుతారా, మీ సిలబస్సేనా?"

వేళ్లు నిజంగానే మొరాయిస్తే

కీళ్లవాతంతో ఉంగరంవేలూ చిటికెనవేలూ వంగనివాళ్లు కూడా ఉంటారు. జాంగో రైన్‌హార్ట్ 1928లో అగ్నిప్రమాదంలో ఎడమ చేతి రెండు వేళ్లు దెబ్బతిన్నాక, మిగిలిన రెండు వేళ్లతోనే జాజ్ గిటార్ తీరు మార్చేశాడు. మనం అంత దూరం వెళ్లక్కర్లేదు. రెండు వేళ్లకి అందే కార్డ్స్, పైన చెప్పిన మోహనం, ఒంటి తీగ మీద పాట స్వరాలు చాలు.

తీగ నొక్కడమే కష్టమైతే హవాయియన్ గిటార్ ఉంది. గిటార్‌ని ఒళ్లో వెల్లకిలా పెట్టుకుని, తీగ మీద స్టీలు కడ్డీ జారిస్తూ వాయిస్తారు. ఎడమ చేతి వేళ్లతో నొక్కే పనే లేదు. గమకాలకి కూడా ఇది ఒదిగినట్టు ఫ్రెట్ల గిటార్ ఒదగదు. బ్రిజ్ భూషణ్ కాబ్రా దీని మీదే హిందుస్తానీ వాయించారు. విశ్వమోహన్ భట్ దీన్ని మోహనవీణగా మార్చి 1994లో గ్రామీ అందుకున్నారు. కొత్త వాయిద్యం కొనకముందే మీ పాత గిటార్ మీద ప్రయత్నించొచ్చు. నట్ మీద తొడిగే ఎత్తు ముక్క ఒకటి, గుండ్రటి స్టీలు బార్ ఒకటి మ్యూజిక్ షాపులో అడగండి. తీగలు ఫ్రెట్లకి తగలనంత ఎత్తులోకి వస్తాయి. డి, జి, డి, జి, బి, డి కి శ్రుతి చేయండి. మామూలు శ్రుతితో పోలిస్తే ఇందులో పైకి బిగించే తీగ ఒక్కటీ లేదు కాబట్టి పాత చెక్క మీద భారం పెరగదు. బార్‌ని ఫ్రెట్ కడ్డీకి సరిగ్గా పైన, తీగల్ని అణచకుండా ఆనించి పట్టుకోండి. ఐదో ఫ్రెట్ మీద సి, ఏడో ఫ్రెట్ మీద డి, ఖాళీగా మీటితే జి. పైన చెప్పిన మూడు కార్డ్స్ పాట దీని మీద మొదటి సాయంత్రమే పలుకుతుంది.